మూత్రపు సంచి ఖాళీగా ఉంటే: శస్త్రచికిత్స తరువాత గుర్తించవలసిన అరుదైన ఆపదలు

శస్త్రచికిత్స ముగిసి రోగిని వార్డుకు తీసుకురాగానే బంధువులు అడిగే ప్రశ్నలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి. స్పృహ వచ్చిందా? జ్వరం ఉందా? కుట్లు ఎన్ని పడ్డాయి? జావ ఎప్పటి నుంచి తాగించవచ్చు? తప్పక అడగవలసిన మరొక ప్రశ్న మాత్రం బిడియం వల్ల గొంతులోనే ఆగిపోతుంది. మూత్రం వచ్చిందా, వస్తే ఎంత వచ్చింది? మంచానికి వేలాడే ఆ సంచిని చాలామంది చూసీ చూడనట్లు ఊరుకుంటారు. కొందరు మర్యాద కోసం దానిపై తువ్వాలు కప్పుతారు. నిజానికి ఆపరేషన్ తరువాతి మొదటి రెండు మూడు రోజుల్లో రోగి లోపలి పరిస్థితిని అంత తేలికగా, అంత చౌకగా తెలియజేసే సాధనం ఆ గదిలో మరొకటి ఉండదు.

మూత్రాశయానికి సంబంధించిన ప్రాణాపాయ స్థితులు అరుదు. అరుదు కావడమే వాటితో వచ్చే చిక్కు. పొట్ట ఉబ్బరం, వాంతి, నొప్పి, కాస్త అయోమయం వంటి మామూలు లక్షణాలతోనే అవి వస్తాయి. "ఆపరేషన్ అన్నాక ఇవన్నీ ఉంటాయిలే" అన్న ఒక్క మాట కింద అవి కొన్ని గంటల పాటు, ఒక్కోసారి కొన్ని రోజుల పాటు దాగిపోతాయి. వాటిని నిర్ధారించడం వైద్యుల పని. కానీ రోగి పక్కన ఇరవై నాలుగు గంటలూ కూర్చునేది వైద్యుడు కాదు. తల్లో, భార్యో, కొడుకో కూర్చుంటారు. మొదటి అనుమానం వారికే రావాలి.

మొదట ఒక లెక్క తెలుసుకుందాం. శస్త్రచికిత్స తరువాత పెద్దవారిలో శరీర బరువు కిలోకు గంటకు అర మిల్లీలీటరు మూత్రమైనా రావాలని వైద్యులు చూస్తారు. అంటే అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. మూత్రాశయంలో సాధారణంగా 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పడుతుంది, అంతకు ముందే వెళ్లాలన్న కోరిక కలుగుతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే సంచి ఖాళీగా కనిపించినప్పుడు మన మనసులో మూడు ప్రశ్నలు రావాలి. మూత్రం అసలు తయారు కావడం లేదా? తయారై బయటికి దారి లేక ఆగిందా? లేక తయారవుతూ మరెక్కడికైనా పోతోందా? మొదటిది నీరు చాలకపోవడం వల్లనో, లోపల రక్తస్రావం వల్లనో, మూత్రపిండాల నీరసం వల్లనో కావచ్చు. దాన్ని వైద్యులు మొదటే ఆలోచిస్తారు, సెలైన్ పెంచి చూస్తారు. రెండవది తరచుగా జరిగేదే. మూడవ ప్రశ్న ఎవరికీ త్వరగా తోచదు. ఈ వ్యాసంలో మేము ఎక్కువ చోటు ఇవ్వదలచుకున్నది దానికే.

రెండవదాన్ని ముందు చూద్దాం. వెన్నులో మత్తు సూది ఇచ్చినప్పుడు కాళ్లతో పాటు మూత్రాశయానికి కూడా స్పర్శ పోతుంది. సెలైన్ సీసాలు ఎక్కుతుంటాయి, మూత్రాశయం నిండుతుంటుంది, రోగికి మాత్రం ఏమీ తెలియదు. నొప్పి తగ్గడానికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు కూడా మూత్రాశయ కండరాన్ని మందగింపజేస్తాయి. మొలల ఆపరేషన్, హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ, ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన వృద్ధులలోనూ మూత్రం బిగుసుకుపోవడం ఎక్కువ. గొట్టం లేని రోగి ఆపరేషన్ అయిన ఆరు గంటల్లో మూత్రానికి వెళ్లకపోతే నర్సుకు చెప్పాలి. కోరిక కలగలేదని రోగి అన్నా సరే చెప్పాలి. ఇక్కడ మనవారిని మోసగించే విషయం ఒకటుంది. బాగా నిండిపోయిన మూత్రాశయం నుంచి చుక్కలు చుక్కలుగా మూత్రం పొర్లి కారుతుంది. "వస్తూనే ఉంది కదా" అని ఇంట్లోవారు నిశ్చింతగా ఉంటారు. చుక్కలుగా రావడం మూత్రం వచ్చినట్లు కాదు. నిండిన కుండ పొర్లుతోందని అర్థం. అలా లీటరుకు పైగా నిండి సాగిపోయిన కండరం మళ్లీ తన బిగువు పొందడానికి రోజులు, వారాలు కూడా పట్టవచ్చు. ఒక చిన్న స్కానింగ్, ఒక గొట్టం చాలు, ఈ బాధ తీరుతుంది.

ఆ గొట్టం కథ చాలా పాతది. కొర్డోవా సమీపంలో జీవించి 1013 ప్రాంతంలో మరణించిన అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ తన ముప్ఫై భాగాల వైద్య గ్రంథం 'అల్ తస్రీఫ్'లోని శస్త్రచికిత్సా భాగంలో మూత్రం బిగుసుకున్న రోగికి వెండి గొట్టాన్ని ఎలా వేయాలో, మూత్రాశయాన్ని చిమ్మన గొట్టంతో ఎలా కడగాలో వివరించారు. నేడు మనం ఆసుపత్రుల్లో చూసే, చివరన నీటితో ఉబ్బే బుడగ ఉన్న మెత్తని గొట్టం 1930ల నాటిది. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ పేరుతో అది ప్రసిద్ధమైంది. ఆ బుడగ వల్లనే గొట్టం జారిపోకుండా నిలుస్తుంది. మత్తు దిగుతున్న వృద్ధులు అయోమయంలో దాన్ని లాగేసుకుంటే, ఉబ్బిన బుడగ మూత్రమార్గాన్ని చీల్చుకుంటూ వస్తుంది. రక్తం ధారగా కారుతుంది. అటువంటి రోగి చేతిని రాత్రంతా పట్టుకుని కూర్చోవడం కూడా వైద్యంలో భాగమే.

ఇక మూడవ ప్రశ్నకు వద్దాం. మూత్రం తయారవుతూ సంచిలోకి రాకుండా పొట్టలోకి పోవడం. మూత్రాశయానికి గాయమై, ఆ గాయం ఆపరేషన్ బల్ల మీద కంటికి చిక్కకపోతే ఇది జరుగుతుంది.

ఈ ముప్పు గర్భాశయానికి సంబంధించిన శస్త్రచికిత్సల్లో ఎందుకు ఎదురవుతుందో శరీర నిర్మాణమే చెబుతుంది. మూత్రాశయం గర్భాశయపు కింది భాగాన్ని ముందు నుంచి అంటిపెట్టుకుని ఉంటుంది. సిజేరియన్‌లో బిడ్డను తీయడానికి కోత పెట్టేది సరిగ్గా ఆ చోటనే. మొదటి సిజేరియన్‌లో ఆ రెండూ తేలికగా విడిపోతాయి. రెండవసారి, మూడవసారి అక్కడ పాత మచ్చ గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. మాయ పాత కోత మీద నాటుకుపోయిన తల్లుల్లో ప్రమాదం మరింత ఎక్కువ. అయినప్పటికీ ఇది అరుదైన సంఘటనే, సిజేరియన్ అనగానే భయపడవలసిన పని లేదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21 లేదా 22 మాత్రమే. ఇంత ఎక్కువ కోతలు జరిగే చోట, రెండవ మూడవ కోతలు కూడా ఎక్కువే అవుతాయి. అరుదైనది కూడా అప్పుడప్పుడు ఎవరో ఒకరి ఇంటి తలుపు తడుతుంది. మొదటి కాన్పుకే అవసరం లేని కోతను కోరుకునే కుటుంబాలు ఈ మాటను కాస్త తీరికగా ఆలోచించాలని మా అభిప్రాయం.

గాయం అక్కడికక్కడే కనిపిస్తే పెద్ద సమస్య కాదు. వైద్యులు వెంటనే కుట్టి, మూత్రాశయానికి విశ్రాంతినివ్వడానికి గొట్టాన్ని ఒకటి రెండు వారాలు ఉంచుతారు. చాలామందికి అది పూర్తిగా మానుతుంది. "పక్క ఆమెకు మరునాడే తీశారు, మా అమ్మాయికి ఇన్ని రోజులా?" అని గొట్టం తీసేయమని తొందరపెట్టడం ఇక్కడ తగదు. కుట్టు మానక ముందే మూత్రాశయం నిండితే ఆ కుట్టే విడిపోతుంది.

కనిపించని గాయం పద్ధతి వేరు. మొదటి రోజు సంచిలో మూత్రం తగ్గుతుంది, కొన్నిసార్లు ఎర్రగా ఉంటుంది. పొట్ట ఉబ్బుతుంది. గాలి పోదు, వాంతులు మొదలవుతాయి, ఎక్కిళ్లు రావచ్చు. పొట్టలో చేరిన ద్రవం ఉదర వితానాన్ని రాపిడి చేస్తే భుజంలో నొప్పి పుడుతుంది. కుట్ల నుంచో, పొట్టలో పెట్టిన డ్రెయిన్ గొట్టం నుంచో పలుచని నీళ్లు విపరీతంగా వస్తాయి. ఇవన్నీ ఒక్కరిలోనే కనిపించాలని లేదు. ఒక్కోసారి పొట్ట ఉబ్బరం, మూత్రం తగ్గడం, ఈ రెండే ఉంటాయి.

ఇంతలో రక్తపరీక్ష వస్తుంది. అందులో క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. క్రియాటినిన్ పెరిగితే మూత్రపిండాలు దెబ్బతిన్నాయని మనకందరికీ తెలిసిన సంగతి. కానీ ఇక్కడ మూత్రపిండాలు నిక్షేపంగా ఉంటాయి. అవి వడకట్టి బయటికి పంపిన మూత్రం పొట్టలోకి కారి, పొట్ట లోపలి పొర ద్వారా మళ్లీ రక్తంలోకి ఇంకుతుంది. తోడి పారబోసిన నీరు మళ్లీ అదే బావిలోకి చేరినట్లు. కాగితం మీద అది మూత్రపిండాల వైఫల్యంలాగే కనిపిస్తుంది. నిన్నటి వరకు ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల బాలింతకు కాన్పు తరువాత ఒక్కసారిగా క్రియాటినిన్ ఎక్కితే, డయాలిసిస్ మాట వచ్చే ముందు, "మూత్రాశయానికి ఏమైనా అయిందేమో చూశారా డాక్టరు గారూ?" అని వినయంగా అడగడం కుటుంబం హక్కు. పొట్టలోని ద్రవాన్ని కొద్దిగా తీసి అందులోని క్రియాటినిన్‌ను రక్తంలోని దానితో పోల్చితే సంగతి బయటపడుతుంది. ఆ ద్రవంలో అది రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఉంటే అది మూత్రమే. గొట్టం ద్వారా మూత్రాశయంలోకి 300 మిల్లీలీటర్లో, అంతకు మించో మందు నీరు నింపి సీటీ స్కాన్ తీస్తే చిల్లు ఎక్కడుందో కనిపిస్తుంది. చిల్లు పొట్ట కుహరంలోకి తెరుచుకుని ఉంటే సాధారణంగా మళ్లీ ఆపరేషన్ చేసి కుట్టాలి. కుహరానికి వెలుపల, కటి ఎముకల మధ్య కొవ్వులోకి మాత్రమే కారుతుంటే చాలాసార్లు గొట్టం ఉంచితేనే మానిపోతుంది. వాహన ప్రమాదాల్లో కటి ఎముక విరిగినవారిలో ఈ రెండవ రకం ఎక్కువ.

సంచిలోకి మూత్రం వస్తున్నంత మాత్రాన మూత్రాశయం చెక్కుచెదరలేదని అర్థం కాదు. చిల్లు ఉన్నా కొంత సంచిలోకి, కొంత పొట్టలోకి పోవచ్చు. కాబట్టి సంచిని చూసే కన్ను పొట్టను కూడా చూడాలి.

పొట్టకు చిన్న రంధ్రాలు చేసి దూరదర్శినితో చేసే ఆపరేషన్లలో మరొక విచిత్రం ఉంది. రక్తం ఆపడానికి వాడే కరెంటు వేడి మూత్రాశయపు గోడకు తగిలితే ఆ రోజు ఏమీ తెలియదు. కాలిన భాగం మెల్లగా చచ్చి, కొన్ని రోజుల తరువాత, ఒక్కోసారి వారం పది రోజులకు, ఊడిపోయి చిల్లు పడుతుంది. అప్పటికి రోగి ఇంటికి వచ్చి, పరామర్శలు కూడా అయిపోయి ఉంటాయి. కోలుకుంటున్న మనిషికి హఠాత్తుగా పొట్టనొప్పి, జ్వరం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఊళ్లో గ్యాస్ మాత్ర కొనడం కాకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లడం మంచిది.

ఇదే కాలంలో స్త్రీలలో వచ్చే మరో స్థితి ఉంది. గర్భసంచి తొలగించిన తరువాత ఒకటి రెండు వారాలకు కొందరికి రాత్రింబవళ్లు ఆగకుండా యోని మార్గంలో నీళ్లు కారడం మొదలవుతుంది. మూత్రాశయానికీ యోనికీ మధ్య దారి ఏర్పడి మూత్రం అటుగా వస్తుంటుంది. ఇది గంటల్లో ప్రాణం తీసేది కాదు. కానీ మన ఇళ్లలో దీనిని స్త్రీలు నెలల తరబడి దాచుకుంటారు. బట్ట మార్చుకుంటూ, శుభకార్యాలకు పోవడం మానుకుంటూ, నమాజు విషయంలో కుమిలిపోతూ గడుపుతారు. భర్తకు చెప్పరు, కోడలు అత్తకు చెప్పదు. హయా విశ్వాసంలో భాగమే, కానీ వైద్యురాలి ముందు రోగం చెప్పకపోవడం హయా కాదు. మూత్రాశయంలో నీలి రంగు నీరు నింపి చూసే చిన్న పరీక్షతో ఇది తేలుతుంది. చిన్న దారి అయితే గొట్టం ఉంచితే మూసుకుపోవచ్చు, లేకుంటే ఆపరేషన్‌తో బాగుచేస్తారు. స్త్రీ వైద్యురాలు కావాలని అడిగే వీలు చాలా ఆసుపత్రుల్లో ఉంది, అడగాలి. ఆమె దొరకలేదని వైద్యమే మానుకోవడం మాత్రం సరికాదు.

గొట్టం ఉన్న రోగుల్లో నమాజు గురించి కూడా ఒక మాట. శుభ్రత పోతుందన్న బాధతో గొట్టం ముందే తీయించుకోవాలని పట్టుపట్టే పెద్దలున్నారు. ఆగకుండా మూత్రం వెలువడే వ్యక్తిని హనఫీ ఫిఖ్హ్ 'మాజూర్'గా పరిగణిస్తుంది. అతడు ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని ఆ వేళలో నమాజు చేసుకుంటాడు. వివరాలు తెలిసిన ఆలిమ్‌ను అడిగి మనసు కుదుటపరచుకోవచ్చు. గొట్టం ఎప్పుడు తీయాలన్నది మాత్రం వైద్యులు చెప్పాలి.

వృద్ధులైన తండ్రులకు ప్రొస్టేట్ గ్రంథిని మూత్రమార్గం గుండా చెక్కి తీసే ఆపరేషన్ జరిగినప్పుడు చూడవలసింది వేరు. అక్కడ మూడు దారుల గొట్టం ఉంటుంది. పైన వేలాడదీసిన మూడేసి లీటర్ల ఉప్పునీటి సంచుల నుంచి నీరు లోపలికి పోతుంటుంది, మూత్రంతో కలిసి బయటికి వస్తుంటుంది. గులాబీ రంగులో వచ్చినా కంగారు పడనక్కరలేదు. లోపల రక్తపు గడ్డ గొట్టానికి అడ్డుపడితే మాత్రం పరిస్థితి తారుమారవుతుంది. నీరు లోపలికి పోతూనే ఉంటుంది, బయటికి రాదు. రోగి పొత్తికడుపు బిగిసి, నొప్పితో మెలికలు తిరుగుతాడు. గొట్టం పక్క నుంచి నీరు పొర్లవచ్చు. ఆ క్షణమే నర్సును కేకవేసి, లోపలికి పోయే నీటిని ఆపమని చెప్పాలి. ఆ తరువాత వైద్యులు పెద్ద సిరంజితో గడ్డలను లాగి కడుగుతారు. ఆలస్యమైతే నిండిన మూత్రాశయం చెక్కిన చోట పగలనూ వచ్చు. ఎన్ని సంచులు ఎక్కాయి, ఎంత పారబోశారు అనే లెక్క కాగితం మీద రాసే పని కొడుకులు చేయగలిగినదే. వెళ్లినదానికంటే వచ్చినది ఎక్కువ ఉండాలి, ఎందుకంటే అందులో మూత్రం కూడా కలుస్తుంది. తక్కువ ఉంటే ఆ తేడా ఎక్కడుందో ఎవరైనా చెప్పాలి.

ఇదే ఆపరేషన్‌లో గ్లైసిన్ అనే ద్రవాన్ని వాడే పద్ధతి ఉంది. అది ఎక్కువగా రక్తంలోకి ఇంకితే సోడియం పడిపోతుంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండవలసింది బాగా దిగజారితే రోగి విసుక్కుంటాడు, వాంతి చేసుకుంటాడు, చూపు మసకబారిందంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, చివరకు మూర్ఛ కూడా రావచ్చు. "అబ్బాజాన్‌కు మత్తు ఇంకా దిగలేదు" అని ఇంట్లోవారు సర్దుకుంటారు. ఉప్పునీటితో పనిచేసే కొత్త యంత్రాలు వచ్చాక ఈ ముప్పు బాగా తగ్గింది. అయినా ఆపరేషన్ రోజున బాగా మాట్లాడిన మనిషి కొన్ని గంటల తరువాత తడబడితే సోడియం చూడమని అడగాలి.

మధుమేహం ఉన్నవారిలో, అందులోనూ స్త్రీలలో, మూత్రాశయపు గోడల్లో సూక్ష్మక్రిములు గాలిని పుట్టించే ఇన్‌ఫెక్షన్ ఒకటి ఉంది. గొట్టం కొన్ని రోజులు ఉన్నవారికి దీని అవకాశం పెరుగుతుంది. మూత్రంలో బుడగలు, రక్తం, పొత్తికడుపు నొప్పి కనిపించవచ్చు. కొందరిలో నొప్పి కూడా పెద్దగా ఉండదు, షుగర్ మాత్రం ఎంత మందిచ్చినా దిగదు. సీటీ స్కాన్‌లో గోడల్లోని గాలి కనిపిస్తుంది. యాంటీబయాటిక్ మందు, గొట్టం, షుగర్ అదుపు, ఈ మూడింటితో చాలామంది ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు, సకాలంలో తెలిస్తే.

వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడినవారు ఇంట్లో ఉంటే, వారికి ఏ ఆపరేషన్ జరిగినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఛాతీ భాగంలోని ఆరవ వెన్నుపూస దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బ తగిలినవారిలో, గొట్టం మెలికపడి మూత్రాశయం నిండితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పట్టడం దాని గుర్తులు. వీరి మామూలు రక్తపోటే 90, 100 దగ్గర ఉంటుంది కాబట్టి యంత్రంలో 140 చూసి "ఫర్వాలేదు" అనుకునే ప్రమాదముంది. వారికి అది చాలా ఎక్కువ. వెంటనే కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, గొట్టం ఎక్కడ నలిగిందో చూడాలి, వైద్యుణ్ణి పిలవాలి. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఇక చిన్న చిన్న పనులు. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందనే ఉండాలి, కానీ నేల తాకకూడదు. స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు రోగి పొట్ట మీద పెట్టకూడదు, లోపలికి వెనక్కి పారుతుంది. సంచి ఖాళీగా కనిపిస్తే మొదట రోగి తొడ కింద గొట్టం నలిగిందేమో చూడాలి, సగం సార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. నలగకపోయినా రాకపోతే రెండు గంటలు చూద్దామని ఆగకూడదు. గొట్టాన్ని స్వయంగా కడగడం, లాగడం, తిప్పడం వద్దు. గొట్టం తీసిన తరువాత ఆరు గంటల్లో మూత్రం రాకపోతే మళ్లీ చెప్పాలి.

రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరుకు "మా మనిషికి ఏదోగా ఉంది" అని చెబితే ఆయన నిద్రమత్తులో నొప్పి సూది రాసి పోయే అవకాశం ఉంది. "ఉదయం పదింటికి సిజేరియన్ అయింది, ఇది మూడవది. సాయంత్రం ఆరు నుంచి సంచిలో 50 మిల్లీలీటర్లే వచ్చింది, ఎర్రగా ఉంది. గొట్టం నలగలేదు. పొట్ట మధ్యాహ్నం కంటే ఉబ్బింది, రెండుసార్లు వాంతి అయింది" అని చెబితే ఆయన లేచి వస్తారు. ఇంటికి వచ్చాక ఇవే లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా వేచి ఉండక 108కు ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితాన్ని వెంట పెట్టుకుని బయలుదేరాలి. ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ రోజు జరిగిందో ఆ కాగితంలో ఉంటుంది.